కణం – కణజాలం: మన ఒంటి నేత



ఒక నూలుగుడ్డను భూతద్దం కింద పెట్టి చూడండి. నిలువుగా కొన్ని దారాలు, అడ్డంగా కొన్ని దారాలు కనిపిస్తాయి. నిలువు దారాలను పడుగు అనీ, అడ్డ దారాలను పేక అనీ మన నేతగాళ్లు అంటారు. పడుగూ పేకా కలిసినప్పుడే గుడ్డ తయారవుతుంది. ఒక్క దారం ఒంటిని కప్పలేదు. వేల దారాలు ఒక పద్ధతిలో కలిస్తే చీర అవుతుంది, తువ్వాలు అవుతుంది, పడవకు తెరచాప కూడా అవుతుంది.

మన శరీరం కూడా అటువంటి నేతే. ఇందులో దారాలకు బదులు కణాలు ఉన్నాయి. ఒకే విధమైన పని చేసే కణాలు కలిసి కణజాలం అవుతుంది. కొన్ని కణజాలాలు కలిసి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వంటి అవయవాలు అవుతాయి. అవయవాలన్నీ కలిస్తే శరీరం.

ఈ సంగతులను మీరు బడిలో ఇంగ్లీషులో చదువుకుంటారు. మరి తెలుగులో మళ్లీ ఎందుకు? తెలుగు అనగానే మన మారిషస్‌లో చాలామందికి ఉగాది పండుగ, రామభజన గుర్తుకు వస్తాయి. అవి మనకు ఎంతో విలువైనవి. అయితే భాష పూజకూ పాటకూ మాత్రమే కాదు. దేహాన్ని గురించి, వ్యాధిని గురించి, వైద్యాన్ని గురించి కూడా తెలుగులో చక్కగా మాట్లాడుకోవచ్చు. పైగా తెలుగు శాస్త్రపదాలను విడదీసి చూస్తే, అవి తమ అర్థాన్ని తామే చెబుతాయి. ఈ పాఠంలో అలాంటి మాటలు కొన్ని నేర్చుకుందాం.

మాటలు ఎలా పుట్టాయి?

1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు బెండు చెక్కను పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. తేనెపట్టులో ఉన్నట్లు చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి అతడు 'సెల్' అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో దాని మూలపదానికి చిన్న గది అని అర్థం. హుక్ చూసినవి నిజానికి ఖాళీ గదులే. బెండులోని జీవకణాలు ఏనాడో చనిపోయి, వాటి గోడలు మాత్రమే మిగిలాయి. తరువాత కొన్ని సంవత్సరాలకు హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ తాను స్వయంగా తయారుచేసిన కటకాలతో బ్రతికి ఉన్న సూక్ష్మజీవులనూ, రక్తకణాలనూ చూశాడు.

తెలుగులో 'సెల్'ను కణం అంటాం. కణం అంటే మిక్కిలి చిన్నదైన తునక. నిప్పుకణం, ధూళికణం అనే మాటలు మీరు వినే ఉంటారు.

ఇక కణజాలం. జాలం అంటే వల, అల్లిక. కణాల అల్లిక కణజాలం. ఇంగ్లీషులో దీనినే 'టిష్యూ' అంటారు. మీకు ఫ్రెంచి తెలుసు గనుక ఈ మాట ఎక్కడిదో ఇట్టే చెప్పగలరు. ఫ్రెంచిలో 'తిస్యు' అంటే నేసిన గుడ్డ. 1800 ప్రాంతంలో పారిస్ నగరంలో బిషా అనే యువ వైద్యుడు మృతదేహాలను కోసి పరిశీలించి, మన అవయవాలన్నీ 21 రకాల 'నేతల'తో తయారయ్యాయని రాశాడు. ఆశ్చర్యమేమిటంటే ఆయన సూక్ష్మదర్శినిని వాడనే లేదు. కంటితో చూసి, చేత్తో తాకి, నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి తేడాలు గుర్తించాడు. 1802లో 30 సంవత్సరాల వయసులోనే మరణించాడు. ఫ్రెంచివారికి గుడ్డ తోచింది, మనవారికి వల తోచింది. రెండూ అల్లికలే కదా!

కణజాలాలను గురించి చెప్పే శాస్త్రాన్ని కణజాల శాస్త్రం అంటారు. కణాన్ని గురించి చెప్పేది కణజీవశాస్త్రం.

1838లో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతో ఏర్పడ్డాయనీ, 1839లో ష్వాన్ జంతువులు కూడా కణాలతోనే ఏర్పడ్డాయనీ ప్రకటించారు. వీరిద్దరూ జర్మనీ దేశస్థులు. తరువాత 1850ల్లో విర్కో అనే జర్మన్ వైద్యుడు మరొక ముఖ్యమైన మాట చెప్పాడు. ప్రతి కణమూ అంతకుముందు ఉన్న మరొక కణం నుంచే పుడుతుంది అన్నాడు. దీపంతో దీపాన్ని వెలిగించినట్లు, కణం నుంచి కణం. ఈ మాటను గుర్తుంచుకోండి. పాఠం చివరకు వచ్చేసరికి దీని విలువ తెలుస్తుంది.

కణం ఎంత ఉంటుంది? ఎన్ని ఉంటాయి?

మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని మైక్రోమీటరు అంటారు. మన ఎర్రరక్త కణం అడ్డుకొలత 7 నుంచి 8 మైక్రోమీటర్లు. అంటే ఇటువంటి కణాలను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు పొడవుకు 130 దాకా పడతాయి. పెద్దవారి శరీరంలో మొత్తం కణాలు 30 లక్షల కోట్లకు పైగా ఉంటాయని అంచనా. ఇన్ని కణాలూ ఒకే ఒక్క కణం నుంచి, తల్లి గర్భంలో ఏర్పడిన తొలి కణం నుంచి వచ్చినవే.

కణం లోపల ఏమున్నాయి?

కణం చిన్నదే కాని, దాని లోపల ఒక ఊరంత పని జరుగుతుంది.

కణత్వచం: త్వచం అంటే చర్మం, పొర. కణం చుట్టూ ఉండే పలుచని పొర కణత్వచం. లోపలికి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో ఇదే నిర్ణయిస్తుంది. మొక్కల కణాలకు దీనిపైన కణకవచం అనే గట్టి గోడ కూడా ఉంటుంది. మన తోటల్లో చెరకు గడ నిటారుగా నిలబడేది ఇటువంటి గోడల బలం వల్లనే. చెరకు నమిలి ఉమ్మే పిప్పిలో ఎక్కువ భాగం కణకవచాలే. మన కణాలకు కవచం లేదు. అందుకే మన కండ మెత్తగా, వంగేట్లుగా ఉంటుంది.

కణద్రవ్యం: త్వచం లోపల జిగురుగా ఉండే పదార్థం ఇది. కణంలోని చిన్న చిన్న భాగాలన్నీ ఇందులోనే ఉంటాయి. ఆ భాగాలను కణాంగాలు అంటారు. కణానికి అంగాలు గనుక కణాంగాలు.

కేంద్రకం: కణాన్ని నడిపించే భాగం. 1831లో రాబర్ట్ బ్రౌన్ దీనికి ఇంగ్లీషు పేరు పెట్టాడు. కేంద్రకంలో క్రోమోసోములు ఉంటాయి. మనిషి కణంలో ఇవి 46, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. మీ ముక్కు నాన్నగారి ముక్కులాగా, మీ కళ్లు అమ్మమ్మగారి కళ్లలాగా ఉండటానికి కారణం వీటిలోని డి.ఎన్.ఎ. అనే పదార్థం.

మైటోకాండ్రియా: ఆహారం నుంచి శక్తిని తీసే కణాంగాలు. వీటికి సొంతంగా కొంత డి.ఎన్.ఎ. ఉంటుంది. అది మనకు తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మాతృభాష లాగా ఇది తల్లి ఇచ్చే ఆస్తి అన్నమాట.

రైబోసోములు: ఇవి మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను తయారుచేస్తాయి.

గాల్జీ సంక్లిష్టం: తయారైన ప్రోటీన్లను సిద్ధం చేసి, మూటగట్టి, చేరవలసిన చోటుకు పంపుతుంది. 1898లో దీనిని వర్ణించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీ పేరుతోనే పిలుస్తున్నాం.

లైసోసోములు: పాడైపోయిన భాగాలను జీర్ణం చేసి కణాన్ని శుభ్రంగా ఉంచుతాయి.

నాలుగు రకాల కణజాలాలు

బిషా చెప్పిన 21 రకాలను తరువాతి శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాలుగు పెద్ద తరగతులుగా కుదించారు. అవి: ఉపకళా కణజాలం, సంయోజక కణజాలం, కండర కణజాలం, నాడీ కణజాలం.

1. ఉపకళా కణజాలం

ఆయుర్వేద గ్రంథాల్లో కళ అనే మాటను శరీరంలోని పలుచని పొరకు వాడారు. ఉపకళ అంటే పైన గాని లోపల గాని కప్పి ఉండే పొర. శరీరం పైభాగాన్నీ, నోరు, పేగులు, రక్తనాళాల వంటి గొట్టాల లోపలి వైపునూ ఇదే కప్పుతుంది. ఇందులోని కణాలు సందు లేకుండా దగ్గరదగ్గరగా అమరి ఉంటాయి.

కణాల ఆకారాన్నిబట్టి ఉపకళకు పేర్లు వచ్చాయి. చేప పొలుసుల్లాగా బల్లపరుపుగా ఉంటే శల్కల ఉపకళ. శల్కం అంటే పొలుసు. పాచికల్లాగా ఉంటే ఘనాకార ఉపకళ. స్తంభాల్లాగా నిలువుగా ఉంటే స్తంభాకార ఉపకళ. చూశారా, పేరు వింటే రూపం తెలిసిపోతున్నది!

శ్వాసనాళం లోపలి కణాలకు శైలికలు అనే సన్నని నూగు ఉంటుంది. వరిచేను గాలికి ఊగినట్లు అవి ఒకే వైపుకు ఊగుతూ, దుమ్ము చిక్కుకున్న జిగురును గొంతువైపు తోస్తుంటాయి. పొగ తాగేవారి శైలికలు ఆ పొగవల్ల మందగించి, క్రమంగా దెబ్బతింటాయి. తోసేవారు లేక జిగురు లోపలే నిలిచిపోతుంది. పొగ తాగేవారికి తెల్లవారగానే దగ్గు రావడానికి ఇదొక కారణం.

ఉపకళ ఎప్పుడూ అరుగుతుంది, ఎప్పుడూ కొత్తగా పుడుతుంది. చిన్నపేగు లోపలి పొర 3 నుంచి 5 రోజుల్లో మారిపోతుంది. చర్మం పైపొర మారడానికి సుమారు నెల పడుతుంది. స్నానం చేసేటప్పుడు ఒళ్లు రుద్దుకుంటే వచ్చే మట్టిలో చనిపోయిన చర్మకణాలు కూడా ఉంటాయి.

2. సంయోజక కణజాలం

సంయోజకం అంటే కలిపేది. ఈ కణజాలం అవయవాలను కలుపుతుంది, నిలబెడుతుంది, వాటికి ఆధారమిస్తుంది. ఇందులో కణాలు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్య మాత్రిక అనే పదార్థం ఉంటుంది. మాత్రిక గట్టిగా ఉంటే ఎముక. కొంచెం మెత్తగా ఉంటే మృదులాస్థి. మృదు అంటే మెత్తని, అస్థి అంటే ఎముక. మీ చెవిని మడిచి వదలండి. వెంటనే మళ్లీ నిలబడుతుంది. అది మృదులాస్థి గుణం. కండరాన్ని ఎముకకు కట్టేది స్నాయుబంధనం. ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. కొవ్వు కూడా సంయోజక కణజాలమే.

మాత్రిక ద్రవంగా ఉంటే? అదే రక్తం! రక్తం పారుతుంది గనుక అది కణజాలం కాదని చాలామంది అనుకుంటారు. కాని శరీరంలోని అన్ని భాగాలనూ కలుపుతున్నది అదే. రక్తంలోని ద్రవభాగాన్ని ప్లాస్మా అంటారు. అందులో మూడు రకాలు తేలుతుంటాయి.

ఎర్రరక్త కణాలు ప్రాణవాయువును మోస్తాయి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 50 లక్షలు ఉంటాయి. మధ్యలో రెండు వైపులా నొక్కిన బిళ్లల్లాగా కనిపిస్తాయి. హీమోగ్లోబిన్‌కు చోటు చేయడం కోసం ఇవి తమ కేంద్రకాన్నే వదులుకుంటాయి. కేంద్రకం లేదు గనుక తమను తాము బాగుచేసుకోలేవు. సుమారు 120 రోజులు పనిచేసి రాలిపోతాయి. వాటి స్థానంలో ఎముకల లోపలి మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను తయారుచేస్తూనే ఉంటుంది.

తెల్లరక్త కణాలు రోగక్రిములతో పోరాడతాయి. ఘన మిల్లీమీటరుకు 4 వేల నుంచి 11 వేల వరకు ఉంటాయి. జ్వరం వచ్చినప్పుడు వైద్యులు వీటిని లెక్కపెట్టిస్తారు.

రక్తఫలకికలను ఇంగ్లీషులో 'ప్లేట్‌లెట్లు' అంటారు. ఫలకం అంటే పలక. చిన్న పలక ఫలకిక. గాయమైనప్పుడు ఇవి అక్కడికి చేరి అడ్డుపడతాయి. తరువాత ఫైబ్రిన్ అనే సన్నని పోగులు వలలాగా అల్లుకుని రక్తం కారకుండా ఆపుతాయి. మోకాలు గీరుకున్నప్పుడు కట్టే పక్కు అలా ఏర్పడినదే. దానిని గిల్లకూడదని పెద్దలు చెప్పేది అందుకే.

3. కండర కణజాలం

కండర కణాలకు ముడుచుకునే శక్తి ఉంది. ఇవి మూడు రకాలు. ఎముకలకు అంటుకొని ఉండే కండరాల్లో అడ్డచారలు కనిపిస్తాయి. వీటిని రేఖిత కండరాలు అంటారు. ఇవి మన ఇష్టం ప్రకారం పనిచేస్తాయి. పేగుల గోడల్లో, రక్తనాళాల గోడల్లో ఉండే వాటికి చారలు లేవు. అవి అరేఖిత కండరాలు. అవి మనం చెప్పకుండానే పనిచేస్తాయి. మూడవది హృదయ కండరం. దీనికి చారలున్నాయి, కాని మన మాట వినదు. నిమిషానికి 70 సార్ల చొప్పున రోజుకు సుమారు ఒక లక్షసార్లు ముడుచుకుంటుంది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు.

4. నాడీ కణజాలం

నాడీకణాన్ని న్యూరాన్ అంటారు. దీనికి కణదేహం, చెట్టు కొమ్మల్లాంటి డెండ్రైట్లు, పొడవైన ఆక్సాన్ ఉంటాయి. వెన్నుపాము దిగువ భాగం నుంచి పాదం దాకా పోయే ఆక్సాన్ సుమారు ఒక మీటరు పొడవుంటుంది. కొన్ని నాడుల్లో వార్త సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతుంది. వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కు రావడం ఇందువల్లనే సాధ్యం.

మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. చర్మకణాల లాగా ఇవి మళ్లీ మళ్లీ పుట్టవు. చర్మం తెగితే నెలలో అతుక్కుంటుంది. వెన్నుపాము తెగితే అతుక్కోదు. హృదయ కండరం కూడా అంతే, ఒకసారి చచ్చిపోయిన భాగంలో మచ్చ మిగులుతుంది కాని కొత్త కండరం దాదాపుగా పుట్టదు. మోటారుసైకిలు ఎక్కేవారు శిరస్త్రాణం ధరించాలని చట్టం చెప్పడం వెనుక ఉన్న కారణం ఈ కణజాల శాస్త్రమే.

క్లోమంలోని దీవులు

మనం దీవిలో నివసిస్తున్నాం. మన ఒంట్లో కూడా దీవులున్నాయని మీకు తెలుసా?

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. 1869లో బెర్లిన్‌లో లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. చుట్టూ ఒక రకం కణాలుండగా, వాటి నడుమ అక్కడక్కడ సముద్రంలో దీవుల్లాగా వేరొక రకం కణాల గుంపులు కనిపించాయి. అవి ఏమి చేస్తాయో అతనికి తెలియదు. చూసినది చూసినట్లు రాసిపెట్టాడు. తరువాత వాటికి అతని పేరే వచ్చింది. తెలుగులో లాంగర్‌హాన్స్ పుటికలు అంటాం.

ఆ దీవుల్లోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి. రక్తంలోని చక్కెర కండరాల కణాల్లోకీ, కొవ్వు కణాల్లోకీ పోవడానికి ఇన్సులిన్ కావాలి. అది చాలకపోయినా, కణాలు దాని మాట వినకపోయినా చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది. అదే మధుమేహం. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు క్లోమం నుంచి ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922లో ఒక బాలుడికి మొదటిసారిగా ఇచ్చారు. అంతకుముందు, బీటా కణాలు నశించి చిన్నతనంలోనే మధుమేహం వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కాదు.

మారిషస్‌లో మధుమేహం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇంట్లో తాతగారో నాయనమ్మగారో ఇన్సులిన్ వేసుకుంటూ ఉండవచ్చు. ఇకమీదట ఆ సూదిని చూసినప్పుడు, ఒక విద్యార్థి చూసిన చిన్న దీవులను తలచుకోండి. ఆయన శ్రద్ధగా చూసి రాసినది, 50 సంవత్సరాల తరువాత ప్రాణాలు కాపాడే మందుకు దారి చూపింది.

కణం అదుపు తప్పితే

కణం నుంచి కణం పుడుతుందని విర్కో చెప్పాడు కదా. ఒక కణం రెండుగా చీలడాన్ని కణవిభజన అంటారు. పాత కణంలో ఎన్ని క్రోమోసోములున్నాయో కొత్త కణాల్లోనూ అన్నే ఉంటే అది సమవిభజన. మనం పెరగడానికీ, గాయం మానడానికీ ఇదే కారణం.

కణాలు ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో శరీరంలో ఒక కట్టుబాటు ఉంది. డి.ఎన్.ఎ.లో కొన్ని మార్పులు జరిగి, ఒక కణం ఆ కట్టుబాటును వదిలి, ఆగకుండా విభజన చెందితే దానిని క్యాన్సర్ అంటారు. మూలుగలో తెల్లరక్త కణాలు అలా అదుపు లేకుండా పెరిగితే ల్యుకేమియా అంటారు. చేనులో కలుపు పెరిగితే పైరుకు చోటుండదు. అలాగే ఆ కణాలు పెరిగితే మంచి కణాలకు చోటుండదు. ఇది అంటువ్యాధి కాదు. ఇటువంటి వ్యాధి ఉన్న పిల్లలతో కలిసి కూర్చోవచ్చు, ఆడుకోవచ్చు.

ఈ కథలో మన తెలుగువారు ఒకరున్నారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, కండరాల్లో శక్తి ఎలా నిలువ ఉంటుందో పరిశోధించారు. ఆ పనిలోనే 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. ఏ.టి.పి. కణాల్లో చెల్లే నాణెం వంటిది. మైటోకాండ్రియా ముద్రించే నాణెం అదే. కండరం ముడుచుకోవాలన్నా, నాడి వార్త పంపాలన్నా ఆ నాణెమే ఖర్చు కావాలి.

తరువాత సుబ్బారావుగారు ఒక మందుల పరిశోధనాశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ఆయన బృందం 1940ల్లో కృత్రిమంగా తయారుచేసింది. ఈ విటమిన్ లేనిదే కణం కొత్త డి.ఎన్.ఎ.ను తయారుచేసుకోలేదు. అది తగ్గితే మూలుగలో ఎర్రరక్త కణాలు సరిగా తయారుకాక రక్తహీనత వస్తుంది. స్ప్రూ అనే పేగుల వ్యాధిలో ఇటువంటి రక్తహీనతే కనిపిస్తుంది. సుబ్బారావుగారి సొంత సోదరుడు ఆ వ్యాధితోనే మరణించాడు.

ఇక్కడొక ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణాలు విభజన చెందలేవు. అయితే ల్యుకేమియా కణాలకు అది అందకుండా చేస్తే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను తయారుచేసింది. తాళంచెవిలాగా ఉండి, తాళంలో దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే దొంగచెవి వంటివి అవి. వాటిలో అమినోప్టెరిన్ అనేదానిని 1947లో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. కొంతమంది పిల్లలకు కొన్ని నెలలపాటు వ్యాధి తగ్గింది. మంచం మీద ఉన్నవారు లేచి తిరిగారు. తరువాత వ్యాధి తిరిగి వచ్చింది. అయినా అంతవరకు ఏ మందుకూ లొంగని వ్యాధి మొదటిసారి వెనుకడుగు వేసింది. సుబ్బారావుగారు 1948లో న్యూయార్క్‌లో మరణించారు. అమినోప్టెరిన్ తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు. మంచి వైద్యం దొరికే దేశాల్లో నేడు పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియా పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతున్నది.

కణజాలాన్ని ఎలా చూస్తారు?

ఒంట్లో ఎక్కడైనా గడ్డ కనిపిస్తే వైద్యులు బయాప్సీ చేయాలంటారు. ఈ మాట వినగానే ఇంట్లో అందరూ భయపడతారు. బయాప్సీ అంటే పరీక్ష కోసం చిన్న కణజాలపు ముక్కను తీయడం మాత్రమే. ఆ ముక్క పాడుకాకుండా మందులో ఉంచి, మైనంలో పొదిగి, సుమారు 5 మైక్రోమీటర్ల మందాన కోస్తారు. కణాలకు సహజంగా రంగు ఉండదు గనుక రంగులద్దుతారు. హీమటాక్సిలిన్ అనే రంగు కేంద్రకాలను ఊదా నీలంగా చేస్తుంది. అది ఒక చెట్టు చేవ నుంచి వచ్చినది. ఇయోసిన్ అనే రంగు కణద్రవ్యాన్ని గులాబిగా చేస్తుంది. అప్పుడు కణజాల వైద్యుడు సూక్ష్మదర్శినితో చూస్తాడు. కణాలు వరుసగా ఉన్నాయా? కేంద్రకాలు ఒకే తీరుగా ఉన్నాయా? ఒక పొరలోని కణాలు మరో పొరలోకి చొరబడ్డాయా? వీటినిబట్టి ఆ గడ్డ ప్రమాదం లేనిదా, క్యాన్సరా అని చెబుతాడు. అనేక గడ్డలు ప్రమాదం లేనివే. ప్రమాదం ఉన్నదైతే ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది.

నేతపనిలో అనుభవం ఉన్నవాడు గుడ్డను చూడగానే ఎక్కడ పోగు తప్పిందో చెబుతాడు. కణజాల వైద్యుడు చేసేదీ అదే.

పదాలు – అర్థాలు

కణాంగం – కణంలోని ఒక భాగం
త్వచం – పొర, చర్మం
శైలికలు – కణంపై ఉండే సన్నని నూగు
మాత్రిక – కణాల మధ్య ఉండే పదార్థం
మూలుగ – ఎముక లోపలి మెత్తని పదార్థం
క్లోమం – జీర్ణరసాన్నీ ఇన్సులిన్‌నూ తయారుచేసే గ్రంథి
సమవిభజన – ఒక కణం అదేవిధమైన రెండు కణాలుగా చీలడం
రేఖిత – చారలు ఉన్న. అరేఖిత – చారలు లేని

ప్రశ్నలు

1. కణజాలం అనే మాటకూ ఫ్రెంచి 'తిస్యు' అనే మాటకూ ఉన్న పోలిక ఏమిటి?
2. రక్తాన్ని సంయోజక కణజాలం అని ఎందుకు అంటారు?
3. హృదయ కండరానికీ మిగిలిన రెండు రకాల కండరాలకూ భేదం రాయండి.
4. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగిస్తే ల్యుకేమియా కణాలు ఎందుకు పెరగలేవు?
5. 'మృదులాస్థి', 'రక్తఫలకిక', 'సంధిబంధనం' – ఈ మాటలను విడదీసి అర్థం చెప్పండి.

చేసి చూడండి

ఉల్లిపాయను కోసి, రేకు లోపలివైపు ఉండే పలుచని పొరను ఒలవండి. గాజుపలకపై పరచి, ఒక చుక్క అయొడిన్ ద్రావణం వేయండి. ఉపాధ్యాయుల సహాయంతో బడిలోని సూక్ష్మదర్శినిలో చూడండి. ఇటుకలు పేర్చినట్లు కణాలు, వాటిలో చుక్కల్లాగా కేంద్రకాలు కనిపిస్తాయి. బొమ్మ గీసి, కణకవచం, కణద్రవ్యం, కేంద్రకం అనే పేర్లను తెలుగులో రాయండి. ఇంటికి తీసుకువెళ్లి మీ అమ్మానాన్నలకు చూపించి, ఏది ఏమిటో తెలుగులోనే చెప్పండి.